వెనక సీటు పేరు

పదకొండు దాటి అయిదు నిమిషాలయింది, పన్నెండింటిలోపు ఓడ ఆఫీసువాళ్ళకి రెండో పేరు చెప్పాలి, చెప్పకపోతే ఆ చోటు ఎదురుచూస్తున్నవాళ్ళలో ఇంకొకరికి పోతుంది, మెర్విన్ మాత్రం చల్లారిన టీ ముందు పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని మ్యాపు మడతలు అరచేత్తో సాపు చేస్తున్నాడు. ఒక మోటారు సైకిలు, ఇద్దరు మనుషులు, మే నెలాఖరున బెల్‌ఫాస్ట్ నుంచి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి. పోయిన జూన్‌లో ఆ దీవి రోడ్ల మీద జరిగే మోటారు సైకిలు పందేలయ్యాక తిరుగు ఓడ ఎక్కుతూనే, అందరూ చేసే పనే, వచ్చే ఏటికి చోటు అట్టే పెట్టించుకున్నాడు. కాగితంలో నడిపేవారు అన్నచోట మెర్విన్ గిల్‌క్రిస్ట్ అని ఉంది, వెనక కూర్చునేవారు అన్నచోట ఏమీ లేదు. అక్కడ ఉండాల్సింది తమ్ముడు లౌరీ పేరు. లౌరీ తన జన్మలో ఎవరి వెనకా కూర్చోలేదు, ఎప్పుడూ తన బండి తనదే, ఎప్పుడూ ముందు తనే. ఇప్పుడు కళ్ళు పోతున్నాయి. ఒకేసారి కాదు, చూపు మధ్యలో పోతోంది, అంచులు మిగిలాయి, ఎదురుగా ఉన్న మనిషి మొహం కనపడదు గానీ చెవులు రెండూ బాగా కనపడతాయని వాడే నవ్వుతూ చెప్తాడు. మొన్న ఆదివారం అడిగితే, "కళ్ళు లేనోణ్ణి తీసుకెళ్ళి కంచె పక్కన దిష్టిబొమ్మలా నిలబెడతావా పెద్దోడా? ఇంకెవర్నైనా చూసుకో," అన్నాడు. చూసుకోడానికి ఇంకెవరున్నారు. ఉన్నా, ఇంకొకరితో వెళితే ఆ మాట ఎవరికి చెప్పాలి.

మాట ఉంది. అది కడుపులో పెట్టుకుని నలభై ఏళ్ళు తిరిగాడు, దానితోనే తిన్నాడు, పడుకున్నాడు, ప్రతి జూన్‌లోనూ దాన్ని ఓడెక్కించి తీసుకెళ్ళి చెప్పకుండా మళ్ళీ ఓడెక్కించి తీసుకొచ్చాడు. ఈసారి ముందు అది చెప్పి, ఆ తర్వాతే వస్తావా అని అడగాలని నిన్న రాత్రే అనుకున్నాడు, పొద్దున లేవగానే అనుకున్నాడు, తొమ్మిదింటికి అనుకున్నాడు. ఫోన్ బల్ల మీదే ఉంది. దాని పక్కన విత్తనాల కొట్టువాళ్ళు పంపిన పుస్తకం, దాని వెనక అట్ట మీద పెన్సిలుతో తను వేసుకున్న ప్రణాళిక. కాజిల్‌టౌన్‌లో మిసెస్ కోర్లెట్ ఇంట్లో ఈసారి కింది గది, మెట్లు లేకుండా. తాడు కింద పెట్టడానికి పాత తువ్వాళ్ళు రెండు, ఓడలో బండిని కమ్మీకి కట్టేటప్పుడు రంగు గీసుకుపోకుండా. లౌరీకి పాత హెల్మెట్ బిగుతయింది, కొత్తది చూడాలి. ఆ పైన రోజుల వారీగా ఎక్కడ నిలబడాలో రాసుకున్నాడు, అది రాయడానికే మూడు వారాలు పట్టింది, ఎందుకంటే ఈసారి చోట్లన్నీ కళ్ళని బట్టి కాదు, చెవులని బట్టి ఎంచాలి. సల్బీ దగ్గర తిన్నటి దారి, అక్కడ బండి వచ్చేది కిలోమీటరు ముందే వినపడుతుంది, మొదట ఈగ అనుకుంటాం, ఈగ కాదని తెలిసేలోపు అది గుండెలోంచి పోయినట్టు పోతుంది. తర్వాత కిర్క్ మైకేల్ ఊరి వీధి, ఇళ్ళ గోడలు అటూ ఇటూ దగ్గరగా ఉంటాయి, చప్పుడు ఒక గోడ మీద పడి రెండో గోడకి తగిలి మనిషి పక్కటెముకల్లోకి వస్తుంది. ఆ పైన కొండ దారిలో ఒక మలుపు, అక్కడ ఎవడు మూడో గేరుకి దిగాడో, ఎవడు ధైర్యం చేసి నాలుగులోనే లాగాడో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. లౌరీ చెప్పగలడు. లౌరీ ఎప్పుడూ కళ్ళతో కంటే చెవులతోనే బండి నడిపాడు, తను వర్క్‌షాపులో ఇంజను స్టార్టు చేసి చూస్తుంటే బయట రోడ్డు మీంచి అరిచేవాడు, రెండో సిలిండరు సరిగ్గా లేదు పెద్దోడా అని, వెళ్ళి చూస్తే నిజంగానే ఉండేది కాదు.

"ఫోన్ చేశావా?" అతని భార్య హేజెల్ పెరటి తలుపు తోసుకుని బొగ్గు బకెట్‌తో లోపలికొచ్చింది, బూట్లకి బురద, తల మీద ప్లాస్టిక్ టోపీ.

"చేస్తాను."

"నిన్నా అదే అన్నావు. ఆ మ్యాపుని అలా రుద్దుతూ ఉంటే దీవి చెరిగిపోతుంది చూస్కో."

ఆవిడ పొయ్యిలో బొగ్గు వేసి, అతని ముందున్న టీ తీసి సింకులో పారబోసి, ఇంకో కప్పు పోసి పెట్టి నడవలోకి వెళ్ళిపోయింది. పెళ్ళయి ముప్పయ్యారేళ్ళు, ఆవిడకీ చెప్పలేదు. పదకొండూ పద్నాలుగు. బయట వాన మొదలైంది, ఫిబ్రవరి వాన, పెద్దగా కురవదు, తెరిపివ్వదు. ఓడ దిగిన రోజు కూడా ప్రతిసారీ ఇంతే కదా, డగ్లస్ రేవులో చినుకులు, వందల బండ్లు ఒక్కసారిగా స్టార్టవుతాయి, పెట్రోలు పొగ, తడి తోలు వాసన, ఎవడో ఒకడు తాళంచెవి పారేసుకుని జేబులన్నీ తడుముకుంటూ ఉంటాడు. అక్కడినుంచి కాజిల్‌టౌన్‌ దారి పడితే కాసేపట్లోనే ఆ వంతెన. వంతెన అంటే ఏమీ లేదు, రోడ్డు పక్కన తెల్ల సున్నం కొట్టిన చిన్న రాతి గోడ, కింద వాగు. కానీ దీవిలో ఎవరూ ఆ వంతెన మీంచి పలకరించకుండా పోరు. బస్సు డ్రైవరు, పాల బండివాడు, సూటు వేసుకున్న బ్యాంకు మేనేజరు, అందరూ పెదవి కదిపి ఆ కింద కంటికి కనపడకుండా ఉంటారని నమ్మే చిన్నవాళ్ళకి నమస్కారం చెప్పే పోతారు. వాళ్ళని వేరే పేరు పెట్టి పిలవరు, చిన్నవాళ్ళనే అంటారు, పేరు పెడితే వాళ్ళకి కోపం. పందెం నడిపేవాళ్ళయితే మరీనూ, లోకంలో దేనికీ భయపడనివాళ్ళు అక్కడ బండి ఆపి, హెల్మెట్ ఎత్తి మరీ చెప్తారు. లౌరీ ఒక్కడే చెప్పలేదు, ఎనభై మూడులో, వాడికి ఇరవై నాలుగు. వంతెన ముందు గేరు దించి, హారన్ మోగించి, "లేవండర్రా, మధ్యాహ్నమయింది," అని అరిచి ఎగురుకుంటూ పోయాడు. వెనక వస్తున్న మెర్విన్ పెద్దవాడిలా నెమ్మది చేసి ఇద్దరి తరఫునా చెప్పాడు. తర్వాత టీ కొట్టు దగ్గర నవ్వాడు కూడా. అప్పుడు నవ్వులాటే.

నవ్వులాట కాకుండా పోయింది తర్వాతి వసంతంలో. లౌరీ ఇక్కడి రోడ్డు పందేల్లో రెండేళ్ళు బాగా నడిపాడు, మూడో స్థానం, రెండో స్థానం, ఒకసారి మొదటి స్థానం కూడా, దాంతో ఆగస్టు చివర అదే దీవిలో అదే రోడ్ల మీద కొత్తవాళ్ళకు పెట్టే పందేనికి ఫారం నింపాడు. నాలుగు పేజీల ఫారం. వంటింటి బల్ల మీద వారం రోజులు కూర్చుని బడిపిల్లాడిలా నాలుక బయటపెట్టి ఒక్కొక్క అక్షరం రాశాడు, కొట్టివేతలు ఉండకూడదని. మెకానిక్కు అన్నచోట మెర్విన్ గిల్‌క్రిస్ట్, అన్న, అని రాశాడు. అన్న అనేది ఎవరూ అడగలేదు, వాడే చేర్చాడు. "టౌనుకెళ్తున్నావుగా, పోస్టు చేసెయ్ పెద్దోడా," అని ఇచ్చాడు. శుక్రవారం. ఆ ముందు శనివారమే సెసిల్ పోయాడు, పక్క ఊరివాడు, తమతోపాటు చదివినవాడు, ఇక్కడి పందెంలోనే, తడి రోడ్డు మీద, రాతి గోడకి. సెసిల్ బండి బాగుచేసి పెట్టేది వాళ్ళ మామ. ఎవరూ ఆయన మీద వేలెత్తి చూపలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు, అంతకంటే ఘోరం ఇంకోటి ఉండదు. చెయిన్ తెగిందని ఒకడు, లేదని ఇంకొకడు, చర్చి బయట గుసగుసలు. ఆయన మళ్ళీ పానా ముట్టుకోలేదు. ఆ భయం మెర్విన్‌కి తెలుసు, వారం రోజులుగా రాత్రిళ్ళు తనకి అదే పని, లౌరీ బండి మీద ప్రతి నట్టూ విప్పి, మళ్ళీ బిగించి, వదులవకుండా తీగ చుట్టి, పడుకోబోతూ లేచి వెళ్ళి మళ్ళీ చూసి.

పోస్టు డబ్బా దగ్గర నిలబడ్డాడు. వాన లేదు ఆ రోజు, ఎండగా ఉంది, డబ్బా కొత్తగా ఎర్ర రంగు వేసుకుని మెరుస్తోంది, కవరు సగం లోపలికి పెట్టాడు కూడా, వేళ్ళు వదల్లేదు. ఇన్నేళ్ళూ తనకి తాను చెప్పుకున్నది ఏమిటంటే, అమ్మ కోసం చేశానని. అమ్మ ఆ వారమంతా ఇస్త్రీ చేస్తూనే ఉంది, చేసిన బట్టలే మళ్ళీ చేస్తూ. తమ్ముడి ప్రాణం కోసం చేశానని కూడా చెప్పుకున్నాడు, అది ఇంకా బాగుంటుంది వినడానికి. కానీ డెబ్బయ్యికి దగ్గరపడ్డాక అబద్ధాలు మోయడానికి ఓపిక ఉండదు. ఆ రోజు డబ్బా దగ్గర కళ్ళ ముందు మెదిలింది అమ్మా కాదు, లౌరీ కాదు. ఆ నాలుగో పేజీలో ఉన్న తన పేరు. వాడికేమైనా అయితే చర్చి బయట జనం తన చేతుల వంక ఎలా చూస్తారో అది మెదిలింది. తన చేతుల్ని కాపాడుకున్నాడు, అంతే. కవరు వెనక్కి లాగి, వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, నూనె గుడ్డలు కాల్చే పొయ్యిలో వేశాడు, మంచి కాగితం కావడం వల్ల అంటుకోడానికి చాలాసేపు పట్టింది.

అప్పట్లో జవాబు రాకపోతే వద్దన్నట్టే. లౌరీ ఎదురుచూశాడు, పోస్టుమాను సైకిలు చప్పుడుకి గేటు దాకా వెళ్ళేవాడు, ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చేవాడు. జులైలో పేపర్లో పేర్ల పట్టీ వచ్చింది. బల్ల మీద పరిచి వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు, కిందినుంచి పైకి చదివాడు, మడిచి పెట్టాడు. ఆఫీసుకి ఫోన్ చెయ్యరా అని అమ్మే అంది. చెయ్యలేదు, వద్దన్నవాళ్ళని ఎందుకు అని అడుక్కునే రకం కాదు. కాస్త ఆగి, "నేను వాళ్ళని పలకరించలేదుగా, వంతెన దగ్గర. అదే అయ్యుంటుంది," అన్నాడు. మెర్విన్ అప్పుడు నవ్వాలని చూశాడు. లౌరీ సెప్టెంబరులో పందెం బండి అమ్మేశాడు, బస్సు డిపోలో చేరాడు, మరుసటి జూన్‌లో ఇద్దరూ చూడ్డానికి వెళ్ళినప్పుడు వంతెన దగ్గర బండి ఆపి, దిగి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ఆ సున్నం గోడ ముందు తలవంచి, "తప్పయింది. చిన్నతనం," అన్నాడు. ఆ ఏడాది అన్నాడు, ఆ తర్వాతా అన్నాడు, ప్రతి ఏడూ అన్నాడు. జుట్టు నెరిసింది, తుంటి పాడైంది, భార్య పోయింది, అయినా దిగి తల వంచడం మానలేదు. మెర్విన్ ప్రతిసారీ పక్కన తన బండి మీద కూర్చుని, ఇంజను ఆపకుండా, వాగు వంక చూసేవాడు.

చెప్పబోయాడు ఒకసారి. తొంభై ఏడు, కిర్క్ మైకేల్ అవతల పొలం గట్టు. ఆ పొద్దున ఎలాగైనా చెప్పేయాలని పళ్ళు బిగించుకుని, "లౌరీ, నీతో ఒక మాట," అన్నాడు. "ఉండు, ముందు టీ తెస్తా, నీ మొహం చూస్తే పెద్ద మాటలాగే ఉంది," అని లౌరీ రోడ్డు దాటి చర్చి ఆడవాళ్ళు పెట్టిన టీ బల్ల దగ్గరికి వెళ్ళాడు. రెండు కప్పులు, కేకు ముక్కలు పట్టుకుని వచ్చేసరికి రోడ్డు కాపలా చూసే మార్షల్ చెయ్యి అడ్డం పెట్టాడు, రోడ్డు మూసేశాం, ఇక దాటడానికి లేదు. ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళు చేసే పొరపాటు కాదది, మొదటిసారి వచ్చినవాళ్ళు చేస్తారు. మూసేశాక మూసేసినట్టే, పందెం పూర్తయ్యేదాకా ఎటువాళ్ళు అటే. రోజంతా వాడు ఆ గట్టు మీద, తను ఈ గట్టు మీద, మధ్యలో పన్నెండడుగుల తారు రోడ్డు, దాని మీద గంటకి రెండొందల డెబ్బయి కిలోమీటర్లతో పోతున్న మనుషులు. లౌరీ తన టీ తాగి, అన్న టీ కూడా తాగి, కప్పు ఎత్తి చూపించి వెక్కిరించాడు. ఒకసారి బండ్ల మధ్య ఎడం వచ్చింది, పిట్ట కూత కూడా వినిపించింది. మెర్విన్ లేచి నిలబడి, "ఆ ఫారం నేను పోస్టు చెయ్యలేదురా," అని గట్టిగా అరిచేశాడు, అరుస్తుండగానే మూడు బండ్లు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోయాయి, గాలికి గడ్డి పడుకుంది. లౌరీ చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏంటీ, అన్నట్టు మొహం పెట్టాడు. సాయంత్రం రోడ్డు తెరిచాక దాటి వచ్చి, "ఏదో అరిచావు?" అని అడిగాడు. "టీ మిగిల్చావా అని," అన్నాడు మెర్విన్. మళ్ళీ చెప్పలేకపోయాడు, రోజంతా దాచుకున్న ధైర్యం ఆ ఒక్క అరుపుతోనే అయిపోయింది.

పదకొండూ ముప్పయ్యెనిమిది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. ఒక సులువైన దారి ఉంది, చెప్పకుండానే బతిమాలొచ్చు, హేజెల్ చేత అడిగిస్తే వాడు కాదనడు, ముగ్గురికీ హాయి. వంతెన దగ్గర వాడు తన భుజం పట్టుకుని దిగి, తడుముకుంటూ ఆ గోడ దాకా నడిచి, కనపడని గోడకి తల వంచి తప్పయింది అంటాడు. అది ఊహించుకోగానే ఇంకేమీ ఆలోచించకుండా నెంబరు నొక్కాడు.

మూడు రింగులకి ఎత్తాడు. వెనక రేడియోలో వాతావరణం చెప్తున్నారు.

"మళ్ళీ ఆ ఓడ సంగతేనా?"

"కాదు. లౌరీ, ఎనభై నాలుగులో నువ్వు నాకిచ్చిన ఫారం నేను పోస్టు చెయ్యలేదు. కాల్చేశాను. సెసిల్ పోయిన వారం అది. నా పేరుంది అందులో. భయమేసింది. నీ గురించి కాదు, నా గురించి. వాళ్ళు నిన్ను వద్దన్లేదు. వాళ్ళకి అసలు అందలేదు."

ఇంత పొట్టిగా ఉంటుందని అనుకోలేదు. నలభై ఏళ్ళ మాట, ఊపిరి తీసుకునేలోపు అయిపోయింది. అవతల రేడియో ఆగింది, ఎవరో ఆపారు, లౌరీయే, ఇంట్లో ఇంకెవరున్నారు. కుర్చీ కిర్రుమంది. మెర్విన్ ఫోన్‌ని చెవికి ఎంత గట్టిగా అదుముకున్నాడంటే చెవి నొప్పెట్టింది. తిడతాడనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"మరుసటి ఏడు మళ్ళీ పంపేవాణ్ణి," అన్నాడు లౌరీ.

నెమ్మదిగా అన్నాడు, కోపం లేకుండా, లెక్క చూసుకుంటున్నట్టు. "ఆ ఏడు కాల్చావు, సరే. సెసిల్ పోయాడు, నీకు భయమేసింది, సరే. మరుసటి ఏడు చెప్పుంటే నేనే వెళ్ళి పోస్టు చేసేవాణ్ణి. ఆ మరుసటి ఏడైనా. ముప్పయి దాకా టైముంది నాకు. వాళ్ళకి నేను అక్కర్లేదనుకున్నా, అందుకని మానేశా."

మెర్విన్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. కాల్చిన రోజు గురించి నలభై ఏళ్ళు కుమిలాడు గానీ, దాని తర్వాత వచ్చిన ప్రతి రోజూ తను మళ్ళీ కాలుస్తూనే ఉన్నాడని ఒక్కసారీ తట్టలేదు.

"ఎన్నిసార్లు దిగానో లెక్కుందా నీకు, ఆ వంతెన దగ్గర?"

"ఉంది."

"నువ్వు ఇంజనన్నా ఆపేవాడివి కాదు."

"ఆపేవాణ్ణి కాదు."

అవతల కుర్చీ మళ్ళీ కిర్రుమంది. తర్వాత, "నెంబరు చెప్పు," అన్నాడు లౌరీ.

"ఏ నెంబరు?"

"ఓడవాళ్ళది. నీ టికెట్ నెంబరు కూడా. నా పేరు నేనే చెప్పుకుంటా, చెప్పాలనిపిస్తే. నీ చేతికిచ్చిన కాగితం ఏమవుద్దో తెలిసిందిగా."

మెర్విన్ చెప్పాడు. లౌరీ రాసుకోలేడు, మళ్ళీ చెప్పు అన్నాడు, రెండోసారి తనే అప్పజెప్పాడు, నాలుగు, సున్నా, ఏడు, ఏడు, ఒకటి, తొమ్మిది, ఒక్క అంకె తప్పు లేకుండా. ఫోన్ పెట్టేశాడు. పదకొండూ నలభై ఆరు.

ఇక చేయడానికి ఏమీ లేదు. మెర్విన్ పెన్సిలు తీసుకుని అట్ట మీద రాసుకున్న చోట్లన్నీ మళ్ళీ చదివాడు, తువ్వాళ్ళు రెండు, హెల్మెట్ ఒకటి, సల్బీ, కిర్క్ మైకేల్, కొండ మలుపు, అన్నీ ఎవరో వేరే మనిషి మరెవరి కోసమో రాసినట్టు అనిపించాయి. ముప్పయి దాకా టైముంది నాకు. ఇరవై అయిదేళ్ళు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఇరవై ఆరేళ్ళప్పుడు వాడు ఎలా ఉండేవాడో గుర్తుంది, మెడ వెనక ఎండకి కమిలిన గీత, ఇంజను వింటున్నప్పుడు తల ఒక పక్కకి వాల్చి నోరు కొంచెం తెరిచే అలవాటు. సల్బీ దగ్గర ఆ తిన్నటి దారిలో వాడు వస్తుంటే తను కంచె పక్కన నిలబడి, ముందు ఈగ అనుకుని, తర్వాత వాడేనని గుర్తుపట్టి. తను ఒక్కసారైనా గుర్తుపట్టాల్సిన చప్పుడది, తన చేతులు బిగించిన ఇంజను చప్పుడు. తమ్ముడి దగ్గర మాత్రమే దోచుకున్నాననుకుంటూ వచ్చాడు, తన దగ్గర కూడా తనే దోచుకున్నాడు. పదకొండూ యాభై ఏడు, యాభై తొమ్మిది. గోడ గడియారం పన్నెండు కొట్టి ఊరుకుంది. కిటికీ అద్దం మీద వాన చినుకులు జారుతున్నాయి. హేజెల్ నడవలో అలికిడి లేకుండా నిలబడి ఉందని అతనికి తెలుసు, ఎంతసేపటినుంచో కూడా తెలుసు.

పన్నెండూ నాలుగుకి ఫోన్ ఒకసారి మోగి ఆగింది. ఓడ ఆఫీసు నుంచి సందేశం. కళ్ళజోడు దొరక్క చెయ్యి దూరంగా చాచి చదివాడు. బండి ఒకటి, మనుషులు ఇద్దరు. నడిపేవారు, మెర్విన్ గిల్‌క్రిస్ట్. వెనక కూర్చునేవారు, లౌరీ గిల్‌క్రిస్ట్. రెండోది ఇంకోసారి చదివాడు. రేవు నుంచి వంతెన దాకా ఆ దారి, వీపుకి ఆనుకుని వాడి బరువు, ఒక్క మాట ఉండదు. వంతెన దగ్గర తనే బండి ఆపాలి, ఇంజను కూడా ఆపాలి, తనే దిగాలి. దిగి, గోడ వైపు కాదు, వెనక్కి తిరగాలి, సీటు మీద కూర్చున్న మనిషి వైపు. ఆ మనిషికి ఇతని మొహం కనపడదు, చెవులే కనపడతాయి.

హేజెల్ లోపలికి వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"వస్తాడా?"

"వస్తాడు."

"నీతో మాట్లాడతాడా?"

మెర్విన్ ఫోన్‌లోని అక్షరాల వంక ఇంకోసారి చూశాడు.

"అది టికెట్‌లో రాయరు," అన్నాడు.